నీళ్లు ఎక్కువైనా మొక్క వాడుతుంది

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: కుండీల తోట

ప్రశ్న: మేము బరంపురంలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. తూర్పు వైపు చిన్న వరండా ఉంది. ఉదయం ఎండ పదకొండు గంటల దాకా పడుతుంది. అయిదేళ్లుగా కుండీల్లో మొక్కలు పెంచాలని ప్రయత్నిస్తూనే ఉన్నాను కానీ ఒక్కటి కూడా ఏడాది నిలవలేదు. తులసి రెండుసార్లు పోయింది. బండి మీద అమ్మకానికి వచ్చిన గులాబీని పూలతో సహా కొంటే నెల తిరగకుండానే కొమ్మలు నల్లబడ్డాయి. కలబంద ఎవరింట్లోనైనా బతుకుతుందని చెప్పి ఒకరు పిలక ఇచ్చారు. అదీ మొదలు దగ్గర మెత్తబడి కుళ్లిపోయింది. కరివేపాకు మొక్క ఎదగడం లేదని చారెడు యూరియా వేస్తే నాలుగు రోజుల్లో మాడిపోయింది. నేను వాటిని నిర్లక్ష్యం చేయలేదండీ. ఉదయం, సాయంత్రం తప్పకుండా నీళ్లు పోస్తాను. కింది వాటా వాళ్లకు ఇబ్బంది కలగకుండా ప్రతి కుండీ కింద పళ్లెం పెట్టాను. ఆకు వాడితే మరో చెంబు ఎక్కువే పోశాను. నాకు చేతివాసి లేదని మా అత్తగారు అంటున్నారు. తక్కువ ఖర్చుతో, మూడు నాలుగు కుండీలతో మళ్లీ మొదలుపెట్టవచ్చా? లేక ఈ ఆశ వదులుకోవడమే మంచిదా?
— ఒక గృహిణి, బరంపురం, గంజాం జిల్లా

సమాధానం: తప్పకుండా మొదలుపెట్టండి అమ్మా. చేతివాసి మాటను మనసులోంచి తీసేయండి. మీ ఉత్తరం చదువుతుంటేనే ఆ మొక్కలు ఎందుకు పోయాయో దాదాపుగా తెలిసిపోతోంది. వాటి విషయంలో మీరు చూపిన శ్రద్ధలో లోపం లేదు, ఆ శ్రద్ధ అంతా చెంబు రూపంలో కుండీలోకి వెళ్లడమే ఇబ్బంది అయింది. రోజుకు రెండు పూటలా నీళ్లు, కింద ఎప్పుడూ నిండుగా ఉండే పళ్లెం, మన తీరప్రాంతపు తేమ గాలి, ఈ మూడూ కలిసిన చోట తులసి గానీ కలబంద గానీ బతకడం చాలా కష్టం.

వేరు నీటిని పీల్చుకుంటుందన్న సంగతి అందరికీ తెలుసు. వేరుకు గాలి కూడా కావాలన్న సంగతి చాలామందికి తోచదు. మట్టి రేణువుల మధ్య సన్నని ఖాళీలు ఉంటాయి. నీళ్లు పోసినప్పుడు అవి నిండుతాయి, ఎక్కువైన నీరు కిందికి జారిపోగానే ఆ ఖాళీల్లోకి మళ్లీ గాలి చేరుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌తోనే వేళ్లు శ్వాసించి, ఆ శక్తితో నీటినీ పోషకాలనూ పైకి పంపుతాయి. నీరు జారిపోయే దారి లేక ఖాళీలన్నీ నీటితోనే ఉండిపోతే వేళ్లు ఊపిరాడక చనిపోవడం మొదలుపెడతాయి. అప్పటికే పిథియం, ఫైటోఫ్తోరా వంటి, తడిలో విజృంభించే సూక్ష్మజీవులు వేళ్లను పట్టుకుని కుళ్లబెడతాయి. వేరు చచ్చిన మొక్క తడిమట్టిలో నిలబడి ఉన్నా నీటిని తాగలేదు, అందువల్ల దాని ఆకులు అచ్చంగా దాహంతో ఉన్న మొక్క ఆకుల్లాగే వాడిపోతాయి. అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. మీ ఇంట్లో అయిదేళ్లుగా జరిగింది ఇదే. కుండీల్లో మొక్కలు నిలవని ఇళ్లలో ఎక్కువగా జరిగేదీ ఇదే.

కాబట్టి ఆకు వాడినప్పుడు ముందు ఆకును చూడకండి, మట్టిని చూడండి. చూపుడు వేలిని రెండు కణుపుల లోతు మట్టిలోకి దించండి. లోపల చల్లగా, తడిగా తగిలితే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు. పొడిగా ఉంటే పోయాలి. గోళ్లలో మట్టి చేరడం ఇష్టం లేకపోతే వెదురు పుల్లను గుచ్చి, పది నిమిషాల తరువాత తీసి చూస్తే తడి ఎంత లోతున ఉందో పుల్లే చెబుతుంది. కొన్ని రోజుల తరువాత కుండీని కొంచెం పైకెత్తి చూసినా బరువును బట్టి మీకు తెలిసిపోతుంది. పోసే రోజున మాత్రం చిలకరించి ఊరుకోకూడదు. అడుగు రంధ్రంలోంచి నీరు బయటికి వచ్చే దాకా నెమ్మదిగా పోయాలి, అరగంట ఆగి పళ్లెంలో చేరిన నీటిని పారబోయాలి. రోజూ పైపైన కొంచెం చల్లితే పై అంగుళం మట్టి మాత్రమే తడుస్తుంది, వేళ్లు కూడా పైపైనే ఉండిపోతాయి. మే నెల గాలికి మీ వరండాలో కుండీ ఒక్క రోజులోనే పొడిబారవచ్చు. అదే కుండీ శ్రావణంలో ముసురు పట్టినప్పుడు నాలుగైదు రోజులైనా ఆరదు. అందుకే రోజుకు ఇన్నిసార్లు, ఇన్ని చెంబులు అని ఎవరు చెప్పినా ఆ లెక్క ఏడాది పొడవునా చెల్లదు.

మిగిలిన మొక్కల సంగతి చెప్పి ముందుకు వెళతాను. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. చారెడు అంటే 50 గ్రాములు అనుకున్నా, మీరు ఒక చిన్న కుండీలోకి ఒక్కసారిగా 23 గ్రాముల నత్రజనిని దింపారు. పొలంలో అయితే అది విశాలమైన నేలలో పలచబడుతుంది, కుండీలో దానికి పోయే చోటు ఉండదు. మట్టిలో లవణం అంతగా పెరిగితే వేరు నీటిని లోపలికి లాక్కోలేకపోగా వేరులోని నీరే బయటికి పోతుంది. కరివేపాకు మొదటి రెండేళ్లు, ముఖ్యంగా చలికాలంలో, చాలా నెమ్మదిగా ఎదుగుతుంది. అది దాని స్వభావమే తప్ప జబ్బు కాదు. గులాబీకి రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి, మీ వరండాలో అంత ఎండ లేదు. పైగా అమ్మకానికి వచ్చే చాలా మొక్కల వేళ్ల చుట్టూ గట్టి బంకమట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణంలో వేళ్లు ఎండకుండా అది కాపాడుతుంది కానీ, ఆ ముద్దను అలాగే గుల్లమట్టిలో పాతితే నీరు దాని పక్కనుంచి జారిపోయి లోపల ఎండిపోవడమో, లేదా ఒకసారి తడిసి వారాల తరబడి ఆరకపోవడమో జరుగుతుంది. కొన్న మొక్కను వారం రోజులు నీడలో ఉంచి, తరువాత ఆ ముద్దను అరగంట నీటిలో నానబెట్టి, వేళ్లు తెగకుండా బయటి వైపు మట్టిని వేళ్లతో మెత్తగా రాలగొట్టి నాటుకోవాలి.

తులసి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది. ఎందుకంటే మన ఇళ్లలోనూ, తులసీ చౌరా అని పిలుచుకునే ఒడియా వారి ఇళ్లలోనూ తరతరాలుగా ఉన్న కుండీ తోట అదే. మా అమ్మ పర్లాకిమిడిలో ఉన్నప్పుడు స్నానం చేసి వచ్చి తులసి కోటలో చిన్న చెంబుతో ఒక్కసారి నీళ్లు పోసేది. వానాకాలంలో మాత్రం వేళ్లతో నాలుగు చుక్కలు చిలకరించి, దండం పెట్టి లోపలికి వచ్చేసేది. అలా ఎందుకని నేను అడిగితే, దేవుడికి చుక్క చాలు, మొక్కకు వాన చాలు అన్నది. నాకు ఆ మాట విలువ చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఇంట్లో నలుగురు ఉండి నలుగురూ నాలుగు చెంబులు పోస్తే కోటలోని తులసి నిలవదు. పాలు, అక్షతలు, కుంకుమ మట్టిలోనే చేరుతూ ఉంటే అవి అక్కడ పులిసి బూజు పడతాయి. వాటిని మొక్క మొదట్లో కాకుండా కోట గట్టు మీద ఉంచితే పూజకు లోటు రాదు. దీపాన్ని కాండానికి జానెడు దూరంలో పెట్టండి. సిమెంటుతో కట్టిన కోటలు, బజారులో దొరికే కోటలు కొన్నింటికి అడుగున రంధ్రమే ఉండదు, కొనే ముందు తిప్పి చూడండి. ఇంకొకటి, వెన్నులు వచ్చినప్పుడు తుంచకపోతే మొక్క తన బలమంతా విత్తనాలకు ఇచ్చేసి బలహీనపడుతుంది. నాలుగు వెన్నులను ముదరనిచ్చి విత్తనం దాచుకుని, మిగతావి తుంచుతూ ఉండాలి. ఎంత బాగా చూసుకున్నా కుండీలోని తులసి రెండు మూడేళ్లకు ముసలిదవుతుంది. అప్పటికి దాని పిల్ల మొక్క సిద్ధంగా ఉండాలి.

ఇప్పుడు మీరు ఏమి నాటాలో చెబుతాను. కొత్తగా మొదలుపెట్టేవారికి కలబంద, స్నేక్ ప్లాంట్ వంటివి ఇమ్మని అందరూ అంటారు. అవి నీళ్లు పోయడం మరిచిపోయేవారికి సరిపోయే మొక్కలు. మీది అందుకు విరుద్ధమైన అలవాటు, కాబట్టి మీ చేతిలో అవే మొదట పోతాయి. మన అలవాటు ఒక్క రోజులో మారదు. అందుకని అలవాటుకు తగిన మొక్కను ఎంచుకోవడమే తెలివైన పని అని నా గట్టి అభిప్రాయం. మీరు నీటిని ఇష్టపడే మొక్కలతో, మూడే మూడు కుండీలతో మొదలుపెట్టండి.

మొదటిది బచ్చలి. మీ బజారులో పొయి శాగ అని అడిగితే దొరికేది ఇదే. కూర కోసం తెచ్చిన కట్టలోంచి ముదురు కాడను ఒకదాన్ని తీసి, నాలుగు కణుపులు ఉండేలా కోసి, కింది రెండు కణుపులు మట్టిలో ఉండేట్టు గుచ్చితే వారం పది రోజుల్లో వేరు తొడుగుతుంది. వరండా కమ్మీలకు పురికొస కడితే దాని మీదుగా పాకుతుంది. మీకున్న ఉదయపు ఎండ దానికి చాలు. రెండోది పుదీనా. బజారు కట్టలోని కాడలకు కింది ఆకులు తీసేసి గ్లాసు నీళ్లలో ఉంచితే వారంలో తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. లోతు తక్కువైనా వెడల్పు ఉన్న కుండీలో దానిని ఒక్కదానినే నాటండి, ఎందుకంటే అది పక్క మొక్కను బతకనివ్వదు. ఎండాకాలంలో దానిని గోడ నీడకు జరపాలి.

మూడోది పసుపు. దీని గురించి చెప్పడం నాకు ప్రత్యేకంగా ఇష్టం. మీ పొరుగున ఉన్న ఒడియా కుటుంబాలు ప్రథమాష్టమి నాడు, అంటే మన పంచాంగం ప్రకారం కార్తీక బహుళ అష్టమి నాడు, ఎండూరి పిఠా వండుతారు కదా, ఆ పిండిని మడిచి ఆవిరి మీద ఉడికించేది పసుపు ఆకులోనే. మొలక కనిపిస్తున్న పసుపు కొమ్మును మే చివర గానీ జూన్‌లో గానీ 12 అంగుళాల కుండీలో రెండు అంగుళాల లోతున పెడితే రెండు మూడు వారాలకు మొలకెత్తుతుంది. వానాకాలమంతా తడినీ, కొద్దిపాటి నీడనూ హాయిగా భరిస్తుంది. ఆ పండుగ నాటికి మీ వరండాలోనే ఆకులు కోసుకుని పొరుగింటికి కూడా ఇవ్వవచ్చు. అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. డిసెంబరు, జనవరి నెలల్లో దాని ఆకులన్నీ పసుపురంగుకు తిరిగి ఎండిపోతాయి. అది మళ్లీ పోయిందని మీరు బాధపడి నీళ్లు పోయకూడదు. దుంప ఊరిందని చెప్పే గుర్తు అది. నీళ్లు మానేసి, మట్టి ఆరాక తవ్వుకుంటే కొత్త పసుపు దొరుకుతుంది, అందులోనే నాలుగు కొమ్ములు వచ్చే ఏటికి దాచుకోవచ్చు.

ఈ మూడూ నిలిచాక తోటకూర విత్తనాలు చల్లండి. మీ బజారులో కొసలా శాగ అనే ఈ కూర గింజలు చాలా సన్నవి కాబట్టి పిడికెడు ఇసుకలో కలిపి చల్లి, పైన పలచగా మట్టి కప్పాలి. నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, నెల రోజులకు కోతకు వస్తుంది. కొత్తిమీరను మాత్రం చలికాలం దాకా ఆపండి, ఎండాకాలంలో అది ఆకు వేయకుండా పూతకు వెళ్లిపోతుంది. మిరప, వంగ, టమాటాలకు ఆరు గంటలకు పైగా ఎండ కావాలి కాబట్టి మీ వరండాకు అవి తగవు.

కుండీ విషయానికి వస్తే, మీకు కాల్చిన మట్టి కుండీయే మంచిది. దాని గోడల గుండా కూడా తేమ ఆవిరైపోతుంది కాబట్టి నీళ్లు కొంచెం ఎక్కువైనా అది సర్దుకుంటుంది. పాత నూనె డబ్బాలు, ప్లాస్టిక్ బకెట్లు వాడాలనుకుంటే అడుగున పెన్సిల్ పట్టేంత రంధ్రాలు అయిదారు చేయండి, పళ్లేనికి అతుక్కోకుండా రెండు ఇటుక ముక్కల మీద నిలబెట్టండి. రంధ్రం మీద పెంకు ముక్క ఒకటి వంపు పైకి వచ్చేలా బోర్లిస్తే చాలు, అడుగున రాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందనేది నిజం కాదు. సన్నని ఖాళీలున్న మట్టి లోంచి పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి నీరు తేలికగా దిగదు. పై మట్టి పూర్తిగా నానిన తరువాతే కిందికి కారుతుంది. అందువల్ల రాళ్లు పరిచినంత మేర వేళ్లకు చోటు తగ్గి, తడి నిలిచే పొర వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది.

మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు గానీ వానపాముల ఎరువు గానీ, కుండీకి పిడికెడు వేపపిండి కలపండి. ఇసుక ఏటి ఇసుకే కావాలి. దగ్గరే కదా అని గోపాల్‌పూర్ వెళ్లినప్పుడు సంచిలో సముద్రపు ఇసుక తెచ్చుకునేవారు ఉన్నారు, అందులోని ఉప్పు మొక్కలకు హాని చేస్తుంది. ఎరువును చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉండాలి, తొలకరి మట్టి వాసన రావాలి. పేడ వాసన వచ్చినా, లోపల వేడిగా తగిలినా అది ఇంకా మాగలేదని అర్థం. కొబ్బరి పీచు పొట్టు ఈ రోజుల్లో అందరూ వాడమంటున్నారు. అది మంచిదే కానీ తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది. తేమ గాలి ఉన్న ఊరిలో, నీళ్లు ఎక్కువ పోసే చేతికి, మొదటి ఏడాది అది వద్దనే చెబుతాను. మట్టిని అంచు దాకా నింపకుండా పైన అంగుళంన్నర ఖాళీ వదలండి. నాటిన నెల రోజుల దాకా ఏ ఎరువూ అవసరం లేదు, ఆ తరువాత మూడు వారాలకు ఒకసారి పిడికెడు వానపాముల ఎరువు చాలు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. రోహిణీ కార్తెలో మొదలుపెట్టకండి. జూన్ మధ్యలో వచ్చే రజ పండుగ మూడు రోజులూ భూమాతకు విశ్రాంతి అని మీ ఊళ్లో ఎవరూ నేల తవ్వరు కదా, అది ముగిశాక కుండీలు నింపుకుంటే వాతావరణం మీకు తోడుగా ఉంటుంది. పసుపు కొమ్మునూ అప్పుడే పెట్టవచ్చు, కొంచెం ఆలస్యమైనా నష్టం లేదు. ఆ అదను తప్పితే అక్టోబరు చివర బచ్చలి, పుదీనాలతో ప్రారంభించండి. అక్టోబరు మొదట్లో వద్దనడానికి కారణం మీకు తెలిసిందే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గంజాం, గజపతి జిల్లాలను కూడా ముంచెత్తింది. రెండో అంతస్తు పిట్టగోడ మీద ఏ కాలంలోనూ కుండీ పెట్టకండి. తుఫాను హెచ్చరిక రాగానే అన్నిటినీ నేల మీదికి దించి గోడ మూలకు చేర్చండి. తడిసిన 12 అంగుళాల కుండీ 30 కిలోల దాకా బరువు ఉంటుంది, అది కింద నడిచేవారి మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: మా డాబా మీద కుండీల్లో స్థానికంగా దొరికే ఎర్రమట్టి నింపి వంగ నాటాను. మట్టి రాయిలా బిగిసిపోయింది. నీళ్లు పోసిన వెంటనే అడుగు నుంచి వచ్చేస్తున్నాయి, కాబట్టి నీరు బాగానే ఇంకుతోందని అనుకున్నాను, అయినా మొక్కలు ఎండిపోతున్నాయి. కారణం ఏమిటి?
— ఒక విశ్రాంత ఉద్యోగి, రాయగడ

సమాధానం: ఆ నీరు మట్టిలో ఇంకడం లేదు అయ్యా. ఎండి బిగుసుకున్న మట్టి కుదించుకుపోయి కుండీ గోడకూ మట్టికీ మధ్య సందు ఏర్పడుతుంది, మీరు పోసిన నీరంతా ఆ సందులోంచి జారి బయటికి వస్తుంది. నడుమ ఉన్న వేళ్లకు చుక్క కూడా అందదు. వేలు దించడానికి వీలు లేకపోతే పుల్ల గుచ్చి చూడండి, పొడిగానే వస్తుంది. కుండీని తొట్టెలోని నీటిలో సగానికి పైగా మునిగేట్టు ఉంచి, బుడగలు రావడం ఆగే దాకా, సుమారు అరగంట, వదిలేసి తీయండి. ఆ తరువాత పై రెండు అంగుళాల మట్టిని గుల్ల చేసి ఎరువు కలిపి, ఎండుటాకులతో గానీ వరి ఊకతో గానీ కప్పి ఉంచితే ఎండకు మళ్లీ బిగియదు. వచ్చే పంటకు ఒట్టి ఎర్రమట్టి కాకుండా పైన చెప్పిన పాళ్లలో ఎరువూ ఇసుకా కలుపుకోండి.

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా రాజురా. చేలోని నల్లమట్టి బలమైనదని కుండీల్లో అదే పోశాను. ఏప్రిల్‌లో టమాటాలు విరగపూశాయి కానీ ఒక్క పిందె కూడా నిలవలేదు. మే నెలలో మొక్కలే మాడిపోయాయి. ఏదైనా మందు కొట్టాలా?
— ఒక విద్యార్థిని, రాజురా

సమాధానం: మందు అక్కర్లేదు తల్లీ, నెల మార్చాలి. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వెచ్చగా ఉంటే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది, పువ్వు పిందె కట్టకుండానే రాలిపోతుంది. మీ జిల్లాలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే, అక్కడ ఏప్రిల్ పూత నిలవకపోవడం మీ తప్పు కాదు. సెప్టెంబరులో నారు పోసుకుంటే చలికాలంలో కాయలు చూస్తారు. నల్లమట్టి చేలో పత్తికి బలమే. అయితే అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చి వేళ్లను తెంపుతుంది, కాబట్టి కుండీలో అది నాలుగో వంతుకు మించకూడదు. వేసవికి గోంగూర, గోరుచిక్కుడు, తోటకూర వేయండి. నల్ల ప్లాస్టిక్ కుండీల గోడలకు ఎండ తగిలితే లోపలి వేళ్లు ఉడికిపోతాయి, వాటికి సున్నం పూయండి లేదా గోనెసంచి చుట్టండి. కుండీలన్నీ ఒకదానికొకటి ఆనుకునేలా గుంపుగా పెట్టి, మధ్యాహ్నం నుంచి నీడ పడేలా పాత చీరను పందిరిగా కట్టండి. నీళ్లు తెల్లవారుజామునే పోయండి.

ప్రశ్న: సంక్రాంతికి పది రోజులు శ్రీకాకుళం వైపు అత్తవారింటికి వెళతాం. తిరిగి వచ్చేసరికి ప్రతి ఏడూ కుండీలు ఎండిపోయి ఉంటాయి. పళ్లేల నిండా నీళ్లు పోసి వెళ్లవచ్చా?
— ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

సమాధానం: పళ్లెంలో పది రోజులు నీరు నిలిస్తే వేరు కుళ్లడమే కాదు, డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమగా మారడానికి ఆ వ్యవధి సరిపోతుంది, కాబట్టి ఆ పని చేయకండి. మూత ఉన్న బకెట్ నిండా నీళ్లు పోసి కుండీల కంటే కొంచెం ఎత్తులో, ఒక పీట మీద పెట్టండి. పాత నూలు పంచెను చించి దారంలా పేనిన వత్తులు చేసి, తడిపి, ఒక కొస బకెట్ అడుగుకు చేరేలా, రెండో కొస కుండీ మట్టిలో మూడు అంగుళాల లోతున ఉండేలా పెడితే మట్టి ఆరుతున్న కొద్దీ వత్తి నీటిని అందిస్తుంది. మూతకు వత్తులు పట్టేంత సన్నని రంధ్రాలు మాత్రమే ఉండాలి. నూలు వత్తి నీటిని బాగా లాగుతుంది. వెళ్లే ముందు రోజు కుండీలకు నిండుగా నీళ్లు పోసి, ముదిరిన ఆకుకూరలు కోసేసి, అన్నిటినీ నీడకు చేర్చండి. జనవరి చలిలో పది రోజులు అవి ఆ మాత్రం తడితో గడుపుతాయి. ఈ ఏర్పాటును మాత్రం ప్రయాణానికి వారం ముందే ఒక కుండీ మీద రెండు రోజులు పరీక్షించండి. మట్టి బురదగా మారితే వత్తి మందం తగ్గించాలి, పొడిగా ఉంటే ఇంకొక వత్తి కలపాలి.